కలుపు జాబితాలో నాలుగో నంబరు

సంరక్షణ అధికారి గారి సముఖమునకు,

నీటి సరఫరా కేంద్రంలో తోటమాలిగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి, నిరుడు పదవీ విరమణ పొందిన నేను రాసుకొను అర్జీ.

విషయం: కప్పకు ఇచ్చిన రక్షణను అదే గోడనున్న మొక్కకు కూడా ఇప్పించుట, మరియు సదరు మొక్కకు ఎదురుగా రిజిస్టరులో నా చేతిరాతతో ఉన్న "కలుపు" అనే మాటను కొట్టివేయించుట గురించి.

అయ్యా,

ఫిర్యాదు పెట్టుకునేవాడి ముఖం ఎలా ఉండాలో నాకు తెలియక కాదు. ఇంతకు మునుపు పదకొండు అర్జీలు పెట్టినవాడిని. కానీ నిన్న ఫారం కోసం తమ కార్యాలయానికి వస్తే గుమాస్తా గారు నన్ను ఎగాదిగా చూసి, "ఏం పెద్దాయనా, ఫిర్యాదు ఇవ్వడానికొచ్చారా, మిఠాయిలు పంచడానికొచ్చారా?" అన్నారు. రెండింటికీ అన్నాను. ఎంత బిగబట్టినా నా నోరు చెవుల దాకా సాగిపోతోంది, నేనేం చేసేది?

సంగతి ఏమనగా, కళాశాలలో మొక్కల ప్రయోగశాలలో పనిచేసే మా అమ్మాయి, ఇంతవరకు ఏ పుస్తకంలోనూ ఎక్కని కొత్త జాతి మొక్కను కనిపెట్టింది. పెద్ద శాస్త్రజ్ఞులు ముగ్గురు పరిశీలించి ఔనన్నారు. కనిపెట్టినవాళ్లకే పేరు పెట్టే హక్కు గనుక, లాటిన్ భాషలో "తోటమాలిది" అని అర్థం వచ్చేలా పేరు పెట్టింది. ఆ తోటమాలిని నేనే. సదరు మొక్కను ముప్పై ఒక్క ఏళ్లు పీకి పారేసినవాడిని కూడా నేనే.

ఇప్పటికి తెలిసినంతవరకు ఈ మొక్క లోకం మొత్తం మీద ఇరవై మూడు దుబ్బులుంది. ఇరవై మూడూ మా కేంద్రంలోనే, పాత వాల్వు వెనక గోడ పగుళ్లలోనూ, గోడ మొదట్లోనూ ఉన్నాయి. వచ్చే సోమవారం ఆ వాల్వు బాగుచేసి, పగుళ్లు పూడ్చి, కింద సిమెంటు పోస్తారు. అందువలన సంతోషాన్ని పక్కన పెట్టి, ఈ క్రింది అంశాలను తమ దృష్టికి తెచ్చుచున్నాను. సంతోషం పక్కన ఉండనంటే మన్నించగలరు.

1. మొక్క దొరికిన తీరు.

నా పదవీ విరమణ రోజున తోటివాళ్లందరూ నన్ను వాల్వు దగ్గర నిలబెట్టి ఫొటో తీశారు. సాయంత్రం ఇంటికొచ్చాక మా అమ్మాయి ఆ ఫొటోను ఫోనులో పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, కళ్లార్పకుండా చూస్తూ కూర్చుంది. పిల్లకు నా మీద ఎంత ప్రేమ అని నాకు కళ్లు చెమర్చాయి. మా ఆవిడను కూడా పిలిచాను, వచ్చి చూడవే అని. అప్పుడు అమ్మాయి ఫొటోలో నా ఎడమ చెప్పు మీద వేలు పెట్టింది.

"నాన్నా, నువ్వు తొక్కిన ఈ మొక్క ఏంటి?"

"అది మొండిదమ్మా. ఎంత పీకినా వస్తుంది."

"ఎంతకాలం నుంచి పీకుతున్నావు?"

"నువ్వు పుట్టకముందు నుంచీ" అన్నాను గర్వంగా. అమ్మాయి రెండు చేతుల్లో తల పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని వాల్వు దగ్గరకు వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక ఆకును రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తను పుట్టినప్పుడు మొదటిసారి ఎత్తుకుని నేనూ అలాగే చూశానని మా ఆవిడ చెబుతుంటుంది.

ఇన్నేళ్లు పీకినా అది ఎలా బతికిందని నేను అడిగితే, దాని దుంప గోడ లోపల ఉంటుందట. పైన తుంచితే మళ్లీ చిగురిస్తుందట. "నువ్వు పని సరిగ్గా చేసి దుంపతో సహా తవ్వి ఉంటే, ఈ జాతే ఉండేది కాదు నాన్నా" అంది. "కలుపును పైపైన పీకుచున్నాడు, పనిలో శ్రద్ధ లేదు" అని పై అధికారులు నాకు ఇచ్చిన మెమోలు రెండు ఇందుతో జతపరచడమైనది. ఆ రోజుల్లో సిగ్గుపడి పెట్టె అడుగున దాచాను. ఇప్పుడు వాటికి ఫ్రేము కట్టించాలని ఉంది.

2. రిజిస్టరు.

మా కేంద్రంలో "పీకవలసినవి" అని ఒక రిజిస్టరు ఉంది. తోటలో కొత్తగా చేరేవాళ్ల కోసం ఇరవై ఏళ్ల క్రితం దాన్ని తయారుచేసింది నేనే. నాలుగో నంబరు ఎదుట "మొండిది. వాల్వు గోడ. ఆకు వంకర. కలుపు. కనబడగానే పీకవలెను" అని నా గుండ్రటి అక్షరాలతో ఉంది. కింద గీత కూడా గీశాను.

మొక్క సంగతి చెప్పడానికి మా అమ్మాయి నివేదిక పట్టుకుని ఇంజినీరు గారి దగ్గరకు వెళ్లాము. ఆయన మంచివాడే. నివేదిక ముప్పై పేజీలూ తిరగేసి, తర్వాత ఆ రిజిస్టరు తెప్పించారు.

"అమ్మా, మీ నివేదిక ప్రతిపాదన. ఇదేమో కార్యాలయ రికార్డు. ముద్ర ఉంది. ఇందులో కలుపు అని ఉంది."

"సార్, అది రాసింది మా నాన్న."

"ఎవరు రాస్తేనేం? రికార్డు రికార్డే."

"అయ్యా, నేను తప్పు రాశాను, ఆ పెన్ను ఇలా ఇవ్వండి, కొట్టేస్తాను" అని నేను చెయ్యి చాచాను. ఆయన రిజిస్టరు వెనక్కి లాక్కున్నారు. "రిటైరైనవాళ్లు రికార్డు ముట్టుకోకూడదు పెద్దాయనా. సంరక్షణ అధికారి గారి నుంచి రాతపూర్వకంగా వస్తే తప్ప నేను మార్చలేను."

అంటే ముగ్గురు శాస్త్రజ్ఞులు, ఒక సూక్ష్మదర్శిని, మా అమ్మాయి ఏడాది కష్టం ఒక పక్క; ఏడో తరగతితో చదువాపేసిన నా చేతిరాత ఒక పక్క. నెగ్గింది నా చేతిరాత. నా మాటకు ఇంత విలువ ఉందని ఉద్యోగంలో ఉండగా ఎవ్వరూ చెప్పలేదు.

3. కప్పకూ మొక్కకూ వర్గీకరణలో తేడాలు.

అదే గోడ దగ్గర, వాల్వు కారగా ఏర్పడిన మడుగులో బొటనవేలంత చెట్టుకప్పలు ఉండేవి. తమ శాఖవారు రెండు వారాల క్రితం వచ్చి, వాటిని తడి గుడ్డలు కప్పిన మూడు బకెట్లలో పెట్టుకుని, ప్రహరీ అవతలున్న కళాశాల కొలనుకు తీసుకెళ్లారు. గోడ దగ్గర రంగుల బొమ్మతో బోర్డు కూడా పెట్టారు. ఆ బోర్డు పాతడానికి గుంట తీసినప్పుడు రెండు మొండి దుబ్బులు పోయాయి. అంతకుముందు ఇరవై ఐదు ఉండేవి.

ఈ తేడా ఎందుకమ్మా అని అడిగితే, మా అమ్మాయి ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఒక పక్క కప్పను, ఒక పక్క మొక్కను పెట్టి చెప్పింది. నాకు అర్థమైనంత మేరకు మనవి చేసుకుంటున్నాను.

రాజ్యం: కప్పది జంతు రాజ్యం, మొక్కది వృక్ష రాజ్యం. రాజ్యాలు వేరైనందునే కాబోలు, తమ కార్యాలయంలో కప్పల విభాగం పైఅంతస్తులో కిటికీల పక్కన ఉంది, మొక్కల విభాగం మెట్ల కింద ఉంది.

వర్గం: కప్పకు వెన్నెముక ఉంది. మొక్కకు లేదు. వంగి వంగి దాన్ని పీకినందువలన నాకూ ఉందో లేదో అనుమానమే.

తరగతి: కప్పది నీళ్లలోనూ నేల మీదా బతికే ఉభయచరాల తరగతి. మొక్క రెండు బీజదళాల తరగతి. "నాది ఏడో తరగతి" అన్నాను. "ఇది ఆ తరగతి కాదు నాన్నా" అంది. కాకపోతేనేం, ముగ్గురిలోనూ నాదే చిన్నదని తేలింది.

క్రమం: కప్పది పెద్దయ్యాక తోక ఉండనివాటి క్రమం. మొక్కది మాత్రం దోస, సొర, గుమ్మడి ఉండే క్రమమట! ఇది విని నేను లేచి నిలబడ్డాను. మా పెరట్లో సొరపాదుకు పందిరి వేసి, చేత్తో తీగ మళ్లించి, చీడ పడితే వేలితో ఏరి సాకుతున్నానా, దాని దూరపు చుట్టాన్ని పనిచేసే చోట జుట్టు పట్టుకుని ఈడ్చానా!

కుటుంబం: కప్పది నురగతో గూడు కట్టే చెట్టుకప్పల కుటుంబం. మొక్కది బిగోనియా కుటుంబం. అయ్యా, కార్యాలయం వరండాలో వరసగా ఉన్న బిగోనియా కుండీలు పెట్టింది నేనే. వారానికొకసారి తడి గుడ్డతో వాటి ఆకులు తుడిచింది నేనే. ఆ ఆకులూ ఒక పక్క పెద్దగా, ఒక పక్క చిన్నగా వంకరగానే ఉంటాయి. అక్కడ వంకరను అందం అన్నాను. ఇక్కడ వంకరను రోగం అన్నాను. కుండీ తప్ప వేరే తేడా లేదని నా బుర్రకు తట్టలేదు.

జాతి: కప్ప జాతి ఎప్పుడో పుస్తకాలకెక్కింది. మొక్క జాతి ఈ ఏడే ఎక్కింది. అంతవరకు దానికున్న పేరల్లా నేను తిట్టిన తిట్టే. లాటిన్ పేరు విని మా ఆవిడ, "మొండిది అని మీరు పెట్టారు, మీ పేరు అమ్మాయి పెట్టింది. ఏం మారిందట?" అంది.

4. సంరక్షణ స్థితి.

కాగితం కింద సగంలో స్థితి రాసింది. కప్ప "ప్రమాదంలో ఉన్నది". మొక్క "అతి తీవ్ర ప్రమాదంలో ఉన్నది". ఆసుపత్రి లెక్కన కప్ప వార్డులో ఉంది, మొక్క ఐసీయూలో ఉండాలి. కానీ వార్డులోని రోగికి మంచం, బోర్డు, బకెట్టు ఇచ్చి, ఐసీయూ రోగి మీద సిమెంటు పోస్తున్నారు.

"మరి ఎక్కువ ప్రమాదం దీనికే అయితే ముందు దీన్నే కదమ్మా కాపాడాలి?" అని అడిగాను.

"ప్రమాదం ఎంతో చెప్పేది శాస్త్రజ్ఞులు నాన్నా. రక్షణ జాబితాలో ఎక్కించేది ప్రభుత్వం. అది వేరు, ఇది వేరు. కప్ప రెండింట్లోనూ ఉంది. మొక్క మొదటిదాంట్లోనే ఉంది."

"రెండో జాబితాలో ఎప్పుడు ఎక్కుతుంది?"

"ఏడాది పట్టొచ్చు."

"సోమవారానికి ఇంకా ఆరు రోజులే ఉంది కదా?"

అమ్మాయి ఆ కాగితం మడిచి నా జేబులో పెట్టింది. ఇప్పటికీ నా జేబులోనే ఉంది.

5. తమ కార్యాలయంలో జరిగినది.

మెట్ల కింద గదికి వెళితే మొక్కల విభాగంలోని ఒకే ఒక ఉద్యోగి సెలవులో ఉన్నారు. పైకి వెళితే గుమాస్తా గారు, "ఇది ప్రాణుల విభాగం పెద్దాయనా. మొక్క ప్రాణి కాదు కదా" అన్నారు.

"ప్రాణం లేకుండానే ముప్పై ఒక్క ఏళ్లు నన్ను ఏడిపించిందా బాబూ?"

ఆయన నవ్వేసి, పోనీలెమ్మని ప్రాణుల ఫారమే ఇచ్చారు. నిజాయితీగా నింపాను. "ప్రాణి కరుచునా?" అనే గడిలో "ఇంతవరకు లేదు, కరిచినా తప్పు పట్టలేము" అని రాశాను. "పట్టుకొనబోవునప్పుడు పారిపోవునా?" అనే గడిలో "పారిపోగలిగితే నా చేతికి చిక్కేది కాదు" అని రాశాను. "ప్రాణికి ముప్పు కలిగించుచున్న శత్రువు" అనే గడిలో నా పేరు, ఇంటి చిరునామా రాశాను. అన్నీ వాస్తవాలే.

పై గదిలోని చిన్న అధికారి గారు ఫారం చదివి, చాలాసేపు కిటికీ వైపు తిరిగి దగ్గి, తర్వాత దయతో ఒక నిబంధన చెప్పారు. జాబితాలో ఉన్న ప్రాణి గూడు ఎక్కడ ఉంటే, ఆ గూడును మోస్తున్న కొమ్మ అయినా, గోడ అయినా, ఆకు అయినా ఎవరూ చెయ్యి వేయకూడదట. "మీ మొక్క మీద కప్ప గూడు ఉన్నట్టు ఒక్క ఫొటో చూపించండి పెద్దాయనా. సోమవారం పని నేనే ఆపిస్తాను" అన్నారు. కప్పలనేమో అప్పటికే బకెట్లలో పట్టుకుపోయారు. ఇక గూడు ఎక్కణ్నుంచి వస్తుంది?

6. గూడు సంగతి. దీన్ని రాయడానికే నాకు చెయ్యి రావడం లేదు.

చిన్న అధికారి గారి మాట చెప్పగానే అమ్మాయి నన్ను కూర్చోబెట్టి అడిగింది. "నాన్నా, ఇన్నేళ్లలో ఆ ఆకుల కింద తెల్లగా, నురగలాగా ఏమైనా చూశావా?"

చూడకేం! ప్రతి వానాకాలం చూశాను. మడుగు మీదికి వాలిన ఆకుల అడుగున గుప్పెడు గుప్పెడు తెల్లటి నురగ వేలాడుతుండేది. పంపు డ్రైవరు అక్కడ మొహం కడుక్కుని సబ్బు విదిలిస్తున్నాడని నేను తీర్మానించాను. పైపు పెట్టి కడిగేసేవాణ్ని. కడిగి ఊరుకున్నానా? పంపు గది ముందుకు వెళ్లి కేకలేసేవాణ్ని.

"ఏమయ్యా, మొహం కడుక్కోవడానికి నీకు నా తోటే దొరికిందా?"

"అన్నా, నేను సబ్బే తేనన్నా!"

"మరి నురగ ఆకాశం నుంచి ఊడిపడిందా?"

"ఏమో, నీ మొండిదాన్నే అడుగు!"

ఇరవై ఏళ్లు ఇదే వాదన. ఒక ఏడు ఆయన సబ్బు పెట్టె ఇంటి నుంచి తెచ్చి, ఎండిపోయిన సబ్బు చూపించి ఒట్టు పెట్టుకున్నాడు. అయినా నమ్మలేదు. అంటే జాబితాలో ఉన్న ప్రాణి గూళ్లను ఏటేటా కడిగేసినది, ఆ నేరాన్ని ఒక నిర్దోషి మీద మోపినది ఈ అర్జీదారుడే. తమ చట్టంలో నాకు ఏ శిక్ష ఉందో అది వేయగలరు. అది సోమవారం తర్వాత వేస్తే ఉపకారం.

7. వాల్వు.

ఆ వాల్వు కారుతోంది, బాగుచేయించండి అని పదకొండు అర్జీలు పెట్టినది కూడా నేనే. జీవితంలో నేను కోరినవాటిలో మంజూరైనది అదొక్కటే. అది కూడా నేను ఇంటికొచ్చాక, ఈ నెలలో మంజూరైంది. ఆ చుక్కలు ఆగితే మడుగు ఆగుతుంది, గోడ తడి ఆగుతుంది, మొక్క ఆగుతుంది. కావున ఈ పన్నెండో అర్జీ ద్వారా నా పదకొండు అర్జీలను నేనే ఖండించుచున్నాను. వాటిని రాసినవాడికి ఏమీ తెలియదు. అతని మాట వినవద్దు.

పై కారణముల చేత తమరిని కోరునది ఏమనగా: సోమవారం పని నిలుపుదల చేయించాలి. రక్షణ జాబితాలో ఈ మొక్క పేరు చేర్చడానికి తమ వంతు సిఫారసు రాయాలి. నాలుగో నంబరు ఎదుటి "కలుపు" అనే మాట కొట్టివేయాలి. కొట్టే గీత మాత్రం నా చేతనే గీయించాలని ఆశ. నిబంధన ఒప్పకపోతే ఇంజినీరు గారు గీస్తుంటే పక్కన నిలబడి చూడనిస్తే చాలు.

ఇక ఒక్క మాట, ఇది అంశాల్లోకి రాదు. రోజూ పొద్దున వెళ్లి ఇరవై మూడు దుబ్బులూ ఉన్నాయో లేదో లెక్కపెట్టి వస్తున్నాను. చేతులు వెనక్కి కట్టుకునే లెక్కపెట్టాలని అమ్మాయి షరతు. మొన్న పదిహేనో దుబ్బు దగ్గర నా కుడి చెయ్యి దానంతటది ముందుకొచ్చింది. ఎడమ చేత్తో పట్టుకుని వెనక్కి లాగాను. అంతకుముందు ఏళ్లలో ఈ ఎడమ చెయ్యి ఏం చేస్తుండేదో తెలియదు. మా అమ్మాయి అంతటిది అయినందుకు ఊరంతా నన్ను మెచ్చుకుంటుంటే, నేను చేసినదల్లా పని సరిగ్గా చేయకపోవడమే అని నాకొక్కడికే తెలుసు. అయినా సంతోషం ఆగడం లేదు.

ఇంతదాకా ఓపికతో చదివి ఉంటే తమరు నా మొర సగం చిత్తగించినట్లే. తక్కిన సగం సోమవారంలోగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(సదరు మొక్కకు ఆలస్యంగా విధేయుడు)
పూర్వపు తోటమాలి, నీటి సరఫరా కేంద్రం

జతపరచినవి: అమ్మాయి నివేదిక, ముప్పై పేజీలు. నా మెమోలు, రెండు. ఫొటో ఒకటి (చెప్పు పక్కన చూడవలెను).

తా.క.: కవరు అంటించబోతుంటే ఫోను మోగింది. పంపు డ్రైవరు.

"అన్నా, నిన్నటి వానకి సబ్బు నురగ మళ్లీ వచ్చింది."

"ఎక్కడ?"

"నీ మొండిదాని ఆకు కింద. ఈసారి కూడా నేనేనా?"

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తాను. అయ్యా, నిజం. ఎనిమిదో దుబ్బు, వంకర ఆకు, దాని అడుగున గుప్పెడు తెల్లటి నురగ. కప్పలు ప్రహరీ దాటి ఎలా వచ్చాయో వచ్చేశాయి. బోర్డు అంచు మీదే ఒక కప్ప కూర్చుని ఉంది. మా అమ్మాయి నా వెనకే వచ్చి బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఫొటోలు తీసింది. ఏడుస్తూ తీసినందున మొదటి రెండూ కదిలిపోయాయి. మూడోది జతపరిచాను.

కావున ఈ అర్జీని మెట్ల కింద గదికి పంపకుండా, కప్ప ఇంటి అర్జీగా భావించి పైఅంతస్తుకే పంపగలరు.

చిన్న అధికారి గారు వచ్చి, ఎవరూ ముట్టకుండా చుట్టూ తాడు కట్టేదాకా ఎవరో ఒకరు కాపలా ఉండాలి కదా అని పంపు డ్రైవరు కుర్చీ తెచ్చుకుని గోడ ముందు కూర్చున్నాడు. ఇరవై ఏళ్ల సబ్బుకు క్షమించమన్నాను. సరేలే అన్నాడు. కానీ నన్ను మాత్రం దగ్గరకు రానివ్వడం లేదు.

"నీ చేతుల మీద నాకు నమ్మకం లేదన్నా. అక్కణ్నుంచే చూడు."

అక్కణ్నుంచే చూస్తున్నాను. ఈ తా.క. కూడా అక్కడే నిలబడి రాశాను.